మ్యాగ్నెటిక్ యారో రెస్ట్: వైజాగ్ ఉప్పుగాలిలో నాలుగేళ్ల వాడకం

లాగడానికి 38 పౌండ్ల బలం కావాల్సిన రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు), కార్బన్ బాణాలు, వారానికి ఐదు రోజులు, రోజుకి 150 బాణాలు. ఈ లెక్కన నాలుగేళ్లు రెండు రైజర్ల (విల్లు మధ్యలో చేత్తో పట్టుకునే గట్టి భాగం) మీద రెండు రకాల మ్యాగ్నెటిక్ రెస్టులు (వదిలేదాకా బాణాన్ని మోసే చిన్న తీగ ఆధారం) వాడాక రాస్తున్నది ఇది. ఒకటి రైజర్ విండో (బాణం పోయేందుకు వదిలిన ఖాళీ) లోపలి గోడకి టేపుతో అతికించేది. రెండోది ర్యాప్‌అరౌండ్: దాని పలక రైజర్ బయటివైపు ప్లంజర్ (బాణాన్ని పక్కనుంచి ఆనించే స్ప్రింగు మొన) నట్టు కింద బిగుస్తుంది, తీగ అంచు చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది. రెండింటిలోనూ బాణం వెళ్తూ మడిచిన తీగని వెనక్కి తెచ్చేది చిన్న అయస్కాంతమే.

బాణాన్ని శుభ్రంగా వదలడంలో రెండింటికీ తేడా కనపడలేదు. తేడా అంతా పెట్టినచోట నిలబడటంలోనే ఉంది. ఎంవీపీ కాలనీలో, పెదవాల్తేరులో కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలిసినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు.

మే నెల ఉక్కపోతలో, ఎండలో ఉన్న కారు డిక్కీలో విల్లు పెట్టె గంటసేపు ఉంటే ఫోమ్ టేపు మెత్తబడుతుంది. బాణం బరువుకీ, క్లిక్కర్ (బాణం పూర్తిగా లాగగానే టక్కుమనే పల్చటి పట్టీ) ఒత్తిడికీ రెస్టు కిందికి జారుతుంది. అర మిల్లీమీటరు జారితే కంటికి ఆనదు. కానీ ఫుల్ డ్రాలో (నారి పూర్తిగా లాగినప్పుడు) నాక్ (బాణం వెనక నారిని పట్టుకునే గాడి) నుంచి రెస్టుకి సుమారు 67 సెం.మీ. దూరం. సాదా జ్యామితి లెక్కలో ఆ అర మిల్లీమీటరు 70 మీటర్ల దగ్గర 5 సెం.మీ. అవుతుంది. 122 సెం.మీ. ఫేసులో (గురి కాగితంలో) ఒక్కో వలయం వెడల్పు 6.1 సెం.మీ. అంటే ఇంచుమించు ఒక వలయం కిందికి పోయినట్టే. సైటు (గురి చూసే పరికరం) మార్చి సరిపెట్టుకుంటే ఆ రోజుకి గడుస్తుంది, ట్యూనింగ్ మాత్రం పాడవుతుంది. రెస్టు దిగిందంటే నాకింగ్ పాయింట్ (నారి మీద నాక్ తగిలించే చోటు) పైకి జరిగినట్టే కాబట్టి, బేర్ షాఫ్ట్ (ఈకలు లేని బాణం) మామూలు బాణాల గుంపు కన్నా కింద పడుతుంది. నిన్నటిదాకా కలిసి పడ్డ బేర్ షాఫ్ట్ ఇవాళ కిందికి వెళ్తే రిలీజుని (నారి వదిలే తీరుని) అనుమానించే ముందు రెస్టు చూడాలి. అతికించిన రోజే రెస్టు అంచు వెంట రైజర్ మీద సన్నటి పెయింట్ పెన్‌తో గీత గీస్తే జారుడు వెంటనే తెలుస్తుంది.

అతికించేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ప్లంజర్‌ని ముందే బిగించి, రెస్టు రంధ్రాన్ని దానికి తొడుగుతూ అతికిస్తే వంకర రాదు. ఫోమ్ టేపు పీకేసి పల్చటి గట్టి టేపు వేయడం మేలు. ఆ తర్వాత కనీసం ఒక రోజు బాణం పెట్టకూడదు. వానాకాలంలో రెండు రోజులు.

ఎత్తు విషయంలో ప్లంజర్ మొన షాఫ్ట్ (బాణం కాడ) మధ్యకి తగలాలి. తీగ కొద్దిగా పైకి లేచి ఉండాలి, లేకపోతే బాణం ప్లంజర్‌కి ఆనుకోదు. పైనుంచి చూస్తే తీగ కొన షాఫ్ట్ చాటునే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే వేన్ (బాణం ఈక) దానికి కొట్టుకుంటుంది. కత్తిరించి, కొనని సన్నటి గరుకు కాగితంతో నునుపు చేయాలి. తగులుతోందా లేదా అన్న అనుమానం ఉంటే రెస్టుకి లిప్‌స్టిక్ రాసి రెండు బాణాలు వదిలితే చాలు, మరక చెప్పేస్తుంది.

అయస్కాంతం దగ్గర అసలు శత్రువు తేమతో కలిసిన దుమ్ము. తీగని ముందుకి మడిచి వదిలితే టక్కున తిరిగి రావాలి. బద్ధకంగా వస్తే ఇరుసులో మురికి చేరినట్టే. ఇయర్‌బడ్‌ని ఆల్కహాల్‌లో ముంచి తుడవాలి. నూనె వేస్తే ఆ పూటకి బాగుంటుంది, వారానికి ఇసుక పట్టి మరీ బిగుస్తుంది. నియోడైమియం అయస్కాంతం పైపూత ఒకసారి పెచ్చులూడితే లోపలి లోహం ఉబ్బి పొడిగా రాలుతుంది. దానికి మరమ్మతు లేదు. కార్బన్ షాఫ్ట్ రోజూ రాసుకునే చోట తీగ మీద గాడి కూడా పడుతుంది. హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగితే గాడి ఆగుతుంది, బాణం లాగేటప్పుడు వచ్చే గీరుడు శబ్దమూ తగ్గుతుంది. ట్యూబు మందం వల్ల బాణం లేస్తుంది కనక నాకింగ్ పాయింట్ మళ్లీ సరిచూడాలి.

ర్యాప్‌అరౌండ్ ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ జారలేదు. దాని బలహీనత వేరు: ప్రతి దెబ్బ అదురుకీ స్క్రూలు వదులవుతాయి. నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా ఆపే జిగురు) సూదిమొనంత చాలు, కానీ ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వకూడదు, పగుళ్లు వస్తాయి. ప్లంజర్ ఊడదీసిన ప్రతిసారీ పలక కాస్త తిరుగుతుంది. ఇక్కడే డిజైన్ మారాలి. పలక మీద గీతల కొలబద్ద, ప్లంజర్ గొట్టానికి బిగుతుగా సరిపోయే రంధ్రం, పలక తిరగకుండా ఆపే చిన్న మేకు. పలకకి ఈ మూడూ ఉంటే చాలు. తీగ విడిగా మార్చుకునేలా ఉండాలి, అయస్కాంతం గాలి తగలకుండా మూసి ఉండాలి. తీగని గ్రిప్ వెనక్కి జరిపితే బాణం త్వరగా విడివడుతుందన్న ఆలోచన మంచిదే అయినా, రికర్వ్‌లో ఒత్తిడి బిందువు (ప్లంజర్ బాణానికి తగిలే చోటు) గ్రిప్ గొంతుకి (చెయ్యి ఆనే లోతైన చోటుకి) 4 సెం.మీ. కన్నా వెనక ఉండకూడదని వరల్డ్ ఆర్చరీ నియమం.

కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వాళ్లకి ఇదంతా వర్తించదు. రిలీజ్ ఎయిడ్‌తో (నారి వదిలే చేతి పరికరంతో) బాణం పక్కకి కాకుండా పైకీ కిందికీ వంగుతుంది, అందుకే అక్కడ ప్లంజర్ బదులు బాణం కింద స్ప్రింగ్ స్టీల్ బ్లేడు. పల్చటి ఉక్కు కాబట్టి మన గాలికి తుప్పు ముందు దానికే పడుతుంది. సాధన అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, బ్లేడు అంచున గోధుమరంగు చుక్క కనపడిన రోజే మార్చేయాలి.

ఎండాడ, రుషికొండ వైపు సముద్రానికి దగ్గరలో సాధన చేసేవాళ్లు ర్యాప్‌అరౌండే కొనాలి. పెందుర్తి లాంటి లోపలి ప్రాంతాల్లో, కొత్తగా నేర్చుకునే పిల్లలకి అతికించేది సరిపోతుంది. పెట్టెలో మాత్రం ఒక అదనపు రెస్టు, ముందే కత్తిరించిన టేపు ముక్క, అలెన్ కీ ఉండాలి.