బెంగళూరు మారతహళ్లిలో ఆదివారం షేర్ల క్లాసు: టీ బాలేదు, పాఠం బాగుంది

మన తెలుగాయనే చెప్తారు. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి పట్టే 6205 నంబరు బేరింగ్ ఒకటి వేలికి తగిలించి గిర్రున తిప్పుతూ, దీన్ని చేసే కంపెనీ లాభం చూసి మురిసిపోకండి, వ్యాపారంలో చేతికొచ్చిన నగదులోంచి గ్రైండింగ్ మెషీన్లకీ ఫర్నేసులకీ పెట్టిన ఖర్చు తీసేసి, మిగిలింది అమ్మకాల్లో ఎంత శాతమో చూడండి, అదే ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ అన్నారు. వంద రూపాయల అమ్మకం మీద 14 నగదుగా చేతికొచ్చి 9 మెషీన్లకి పోతే మిగిలేది 5 శాతమే. సరుకు గోడౌన్‌లో, బాకీలు డీలర్ల దగ్గర ఇరుక్కుంటే ఆ 14 కూడా రాదు! కొత్త ప్లాంటు కట్టిన ఏడాది ఎలాగూ పడిపోతుంది కాబట్టి ఐదారేళ్లవి కలిపి చూడమన్నారు, నాకు బాగా పనికొచ్చింది ఇదే. ఏసీ పనిచేయలేదు. పార్కింగ్ సంగతి అడక్కండి.