డైనమిక్ విస్కాసిటీ యూనిట్లు మార్చే యాప్: ఆరు నెలలు వాడిన తర్వాత

నూనెల పరీక్షలు, పంపుల ఎంపిక చూసే విభాగంలో పని చేస్తున్నందువల్ల నాకు రోజూ ఏదో ఒక కాగితంపై స్నిగ్ధత (డైనమిక్ విస్కాసిటీ, అంటే ద్రవం పారడానికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) విలువ ఎదురవుతుంది. ల్యాబ్ రిపోర్టులో అది సెంటీపాయిజ్‌లలో ఉంటుంది, కొత్త డిజైన్ లెక్కల్లో పాస్కల్ సెకన్లలో ఉంటుంది, అమెరికాలో తయారైన పాత హీట్ ఎక్స్‌ఛేంజర్ల కాగితాల్లో అడుగుకు గంటకు ఇన్ని పౌండ్లని ఉంటుంది, బేరింగుల పాత చార్టుల్లో రెన్ అనే యూనిట్‌లో పది లక్షో వంతైన మైక్రోరెన్‌లలో ఉంటుంది. వీటిని ఒకదాని నుంచి మరొకదానికి మార్చడానికి ఆరు నెలలుగా ఫోన్‌లో ఒక ఉచిత యాప్ వాడుతున్నాను. ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి దీని పేరు చెప్పడం కంటే దీనికి నేను పెట్టిన పరీక్షలు చెప్పడమే ఎక్కువ ఉపయోగమని భావిస్తున్నాను.

ముందుగా దీనిలోని మంచి. ప్లాంటు లోపల సిగ్నల్ అందని చోట కూడా ఇది పని చేస్తుంది. ఒక గడిలో అంకె వేయగానే మిగతా గడులన్నీ నిండుతాయి. వాడిన గుణకాలు కూడా సరైనవే. పాయిజ్ అంటే పాస్కల్ సెకనులో పదో వంతు కాబట్టి సెంటీపాయిజ్, మిల్లీపాస్కల్ సెకను ఒకటే. అక్కడ తప్పు జరిగే అవకాశం తక్కువ. అసలు పరీక్ష పౌండ్ల దగ్గర మొదలవుతుంది. 1959 ఒప్పందం ప్రకారం పౌండు 0.45359237 కిలోగ్రాములని, అడుగు 0.3048 మీటర్లని కచ్చితంగా నిర్ణయించారు కాబట్టి, సెకనుకు అడుగుకు ఒక పౌండు అంటే 1.488164 పాస్కల్ సెకన్లు కావాలి; యాప్ అంతే చూపింది. చదరపు మీటరుకు కిలోగ్రామ్ ఫోర్స్ (కిలోగ్రాము బరువుకు సమానమైన బలం) సెకనుకు 9.80665, చదరపు అడుగుకు పౌండ్ ఫోర్స్ సెకనుకు 47.88026 కూడా సరిగ్గా వచ్చాయి. కెమికల్ ఇంజనీర్లందరికీ నోటికి వచ్చిన 2.42 కూడా, అంటే సెంటీపాయిజ్‌ను అడుగుకు గంటకు పౌండ్లలోకి మార్చే గుణకం కూడా, సరిపోయింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ప్రచురించిన పట్టికతో వీటన్నిటినీ పోల్చి చూశాను.

అయినా ఈ యాప్‌కు పూర్తి మార్కులు వేయలేకపోతున్నాను, ఎందుకంటే గుణకం సరైనదే అయినా యూనిట్ పేరు అస్పష్టంగా ఉంటే వాడేవారు తప్పు గడిలోకి వెళ్తారు. ఇందులో పౌండ్ ద్రవ్యరాశికీ పౌండ్ బలానికీ (పౌండ్ ఫోర్స్‌కూ) ఒకే పొట్టి పేరు రాశారు. మా విభాగంలో ఒక కుర్ర ఇంజనీరు పాత డ్రాయింగ్‌లో పౌండ్ ఫోర్స్ సెకన్లలో ఉన్న విలువను ద్రవ్యరాశి పౌండ్ల గడిలో వేశాడు. ఈ రెండింటికీ మధ్య తేడా 32.174 రెట్లు. అసలు నూనె స్నిగ్ధత 58.5 సెంటీపాయిజ్, 50 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు 0.4 మీటర్ల వేగంతో పోతుంటే రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నిలకడగా ఉందో, సుడులు తిరుగుతోందో చెప్పే అంకె) దాదాపు 294 వస్తుంది, అంటే ప్రవాహం నిండుగా లామినార్, పొరలు పొరలుగా సాగేది. అతని లెక్కలో అది 9,400 దాటి టర్బులెంట్, అంటే సుడులు తిరిగే ప్రవాహం, అయింది. దానివల్ల పైపులో ఒత్తిడి నష్టం నిజానికి ఉండవలసిన దానిలో దాదాపు ఏడో వంతే తేలింది. ఆ లెక్కతో పంపు తెప్పించి ఉంటే నూనె బేరింగుల దాకా చేరేది కాదు. ఆర్డరు వెళ్లక ముందే పట్టుకున్నాం. అతని తప్పుకన్నా ఆ గడి పేరు తప్పే పెద్దదని నా అభిప్రాయం.

రెండో లోపం అంకెల కుదింపు. ఫలితాన్ని దశాంశ బిందువు తర్వాత నాలుగు స్థానాలకే చూపిస్తుంది. పైన చెప్పిన 58.5 సెంటీపాయిజ్‌ను పౌండ్ ఫోర్స్ యూనిట్‌లోకి మారిస్తే 0.0012218 రావాలి, తెరపై 0.0012 మాత్రమే కనిపించింది. ఆ అంకెనే మళ్లీ వెనక్కి మారిస్తే 57.46 వచ్చింది; అటూ ఇటూ ఒక్కసారి తిరిగేసరికే దాదాపు రెండు శాతం పోయింది. రెన్‌లలోకి మారిస్తే ఏకంగా 0.0000 అని చూపించింది, ఎందుకంటే ఒక రెన్ అంటే 6,894.757 పాస్కల్ సెకన్లు, అది చాలా పెద్ద యూనిట్. మైక్రోరెన్ గడి కూడా పెట్టి ఉంటే 8.485 అని చక్కగా కనిపించేది. ఏ కన్వర్టర్ చేతికి వచ్చినా మీరు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే: ఒక విలువను మార్చి, వచ్చిన అంకెను చేత్తో టైపు చేసి వెనక్కి మార్చి, మొదటిది తిరిగి వస్తుందేమో చూడండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టినది మూడోది. డైనమిక్ విస్కాసిటీ జాబితాలోనే సెంటీస్టోక్ కూడా చేర్చారు. అది కైనమాటిక్ విస్కాసిటీ యూనిట్, అంటే డైనమిక్ విస్కాసిటీని సాంద్రతతో భాగిస్తే వచ్చే కొలతది. నూనె సాంద్రత తెలియకుండా దాన్ని సెంటీపాయిజ్‌లోకి మార్చడం కుదరదు. ఈ యాప్ మాత్రం సాంద్రత అడగకుండానే దాన్ని నీటి సాంద్రతగా తీసుకుంటోంది. ఐఎస్ఓ వీజీ 68 (అంతర్జాతీయ ప్రమాణంలోని ఒక చిక్కదనం గ్రేడు) నూనెకు 40 డిగ్రీల దగ్గర కైనమాటిక్ విస్కాసిటీ 68 సెంటీస్టోక్‌లని, సాంద్రత మిల్లీలీటరుకు 0.86 గ్రాములని అనుకుంటే సరైన జవాబు 58.5 సెంటీపాయిజ్. యాప్ 68 అని చెప్పింది, అంటే 16 శాతం ఎక్కువ. నీటితో సరిచూసుకున్నవారికి ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు, అందుకే ఇది ప్రమాదకరం.

ఉష్ణోగ్రత రాసుకునే గడి లేకపోవడాన్ని తప్పుగా లెక్కించడం లేదు, మార్పిడికి దానితో పని లేదు. అయితే నీటి స్నిగ్ధతే 20 డిగ్రీల దగ్గర 1.002 సెంటీపాయిజ్ ఉండి 40 డిగ్రీలకు 0.653కు పడిపోతుంది కాబట్టి, ఫలితం పక్కన ఉష్ణోగ్రత నమోదు చేసుకునే చోటు ఉంటే మాబోటివారికి మేలు.

యాప్ తయారుచేసినవారికి పై మూడు విషయాలూ అంకెలతో సహా రాశాను. పౌండ్ల పేర్లు విడివిడిగా రాయడం, అంకెలను నాలుగు స్థానాలకు కాక ఆరు సార్థక అంకెలకు చూపడం, సెంటీస్టోక్‌కు సాంద్రత గడి పెట్టడం వారికి పెద్ద పని కాదు. ప్రస్తుతానికి ఐదులో మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. సెంటీపాయిజ్, పాస్కల్ సెకను, అడుగుకు గంటకు పౌండు, ఈ మూడింటి మధ్య మార్పిడికి దీన్ని వాడుతూనే ఉన్నాను. పౌండ్ ఫోర్స్, సెంటీస్టోక్ కనిపించిన కాగితాలకు మాత్రం క్యాలిక్యులేటర్ తీసుకుని గుణకాన్ని నేనే రాసుకుని లెక్క వేస్తున్నాను.