జూబ్లీహిల్స్ వైపు మధ్యాహ్న భోజనం: మెస్సా, ఏసీ రెస్టారెంటా?

సెలవులొస్తే చాలు, ఊరి నుంచి చుట్టాలు దిగుతారు. పెద్దమ్మ గుడి, కేబీఆర్ పార్కు, దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి అన్నీ చూపించమంటారు, తిరిగి తిరిగి ఒంటిగంట అయ్యేసరికి అందరికీ ఆకలి, అప్పుడు మొదలవుతుంది మనకు అసలు టెన్షన్. ఎక్కడ తినిపించాలి? ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నా.

పోటీ నిజానికి రెండింటి మధ్యే. జూబ్లీహిల్స్ 36వ నంబరు రోడ్డు మీద, చెక్‌పోస్టు చుట్టుపక్కల ఉండే ఏసీ ఆంధ్రా రెస్టారెంట్లు ఒకవైపు. అక్కడికి కాస్త దూరంలోనే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో ఉండే మెస్సులు ఇంకోవైపు. మాల్‌లో ఫుడ్ కోర్టు పిల్లలు మారాం చేస్తే తప్ప వద్దు. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ బ్రహ్మాండం, కానీ దాంతో కడుపు నిండదు. టిఫిన్ బండి సంగతి పొద్దున చూసుకోవాల్సిందే.

ఏసీ రెస్టారెంట్లను నేను తీసిపారేయను. రాగి సంకటి, నాటుకోడి పులుసు, ఉలవచారు బిర్యానీ, రొయ్యల వేపుడు కావాలంటే అక్కడికే వెళ్లాలి. మెస్సులో ఇవేవీ ఉండవు. పప్పు, ఒక వేపుడు, ఒక ఇగురు, రోటి పచ్చడి, సాంబారు, రసం, పెరుగు, అంతే. కాకపోతే కృష్ణానగర్ అంటే సినిమావాళ్లు, లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు ఉండే చోటు. వాళ్లంతా రోజూ అక్కడే తింటారు. కూర ఒక్కపూట పాచిపోయినా మర్నాడు పక్క మెస్సుకి పోతారు, అందుకే ఆ పప్పు ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది.

అయినా నా మటుకు నాకు ఈ లెక్క తేల్చేది మెనూ కార్డు. మా మామయ్యను ఏసీ రెస్టారెంట్‌కు తీసుకెళ్తే ఆయన కళ్లు ఐటమ్ పేర్ల మీద ఉండవు, కుడివైపు అంకెల మీద ఉంటాయి. ఒక్కో పేజీ తిప్పుతూ, కార్డు మూసేసి, 'నాకంత ఆకలి లేదు బాబూ, ఒక పెరుగన్నం చెప్పు చాలు' అంటారు. పొద్దున్నుంచి ఎండలో తిరిగిన మనిషి! మనమే ఏదో ఒకటి ఆర్డరిస్తే, గిన్నెలో నాలుగు ముక్కలొచ్చిన కూర వంక చూసి, 'దీనికి ఇంతా?' అని అత్తయ్య చెవిలో అంటారు, అది మనకూ వినిపిస్తుంది. ఇంక ఆ తిండి ఎలా దిగుతుంది?

అదే మనిషిని మెస్సులో కూర్చోబెట్టండి. ధర గోడ మీద రాసుంటుంది, ఒకటే ధర, నూట యాభై అటూఇటూ, ఎంత తిన్నా అంతే. చూసి ఎంచుకునే పనే లేదు. వడ్డించే కుర్రాడు ముందు కందిపొడి వేసి నెయ్యి చుక్క వేస్తాడు, మనం ఇంకా కలుపుతుండగానే పప్పు గరిట పట్టుకుని వచ్చేస్తాడు. మామయ్య చెయ్యి అడ్డం పెడతారు, వాడు ఆ వేళ్ల సందులోంచే పడేసి 'ఏం కాదు బాబాయ్, తినండి' అంటూ పక్క టేబుల్‌కి పోతాడు. సాంబారుకొకసారి, రసానికొకసారి, పెరుగుకొకసారి అన్నం. వద్దంటున్నా పెట్టే ఆ వడ్డన ముందు ఏసీ చల్లదనం నాకైతే ఎందుకూ కొరగాదు.

బిల్లు గురించి కూడా ఒక మాట. ఏసీ అంటే టాక్స్ ఎక్కువ అని ఇంకా నమ్మేవాళ్లున్నారు. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఏసీకి 18, నాన్ ఏసీకి 12 శాతం ఉండేది, నిజమే. ఆ ఏడాది నవంబరు 15 నుంచి రెండింటికీ 5 శాతమే. 18 శాతం ఇప్పుడు పడేది పెద్ద స్టార్ హోటళ్ల లోపలుండే రెస్టారెంట్లలో. అసలు చూసుకోవాల్సింది సర్వీస్ చార్జీ. మనల్ని అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ సీసీపీఏ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కనబడితే తీసేయమని అడగండి, మొహమాటం అక్కర్లేదు.

మెస్సుకి వెళ్లేముందు కొన్ని చూసుకోండి. పార్కింగ్ ఉండదు, కారుతో ఆ గల్లీల్లో దూరితే బయటికి రావడానికే అరగంట, కాబట్టి చెక్‌పోస్టు దగ్గర మెట్రో ఎక్కి రెండో స్టేషన్ యూసుఫ్‌గూడలో దిగడం సుఖం. కొన్ని మెస్సులు మొదటి అంతస్తులో ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందే కనుక్కోండి. రష్‌లో మనం తింటుండగానే వెనక కుర్చీ పట్టుకుని ఇంకొకరు నిలబడతారు, అది నచ్చని వాళ్లుంటారు, ఏం చెయ్యలేం. పన్నెండున్నరకల్లా చేరితే అన్నీ వేడిగా దొరుకుతాయి. రెండున్నర దాటితే మాత్రం మెస్ మాట మర్చిపోండి, అప్పటికి కూరలు అడుగంటుతాయి, రసం పల్చబడుతుంది, నేరుగా ఏసీకే వెళ్లి మెనూ కార్డు మామయ్య చేతికి ఇవ్వకుండా మీరే సంకటి చెప్పేయండి.