పాతిక మిల్లీలీటర్ల టెఫ్లాన్ ఆటోక్లేవ్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

హైడ్రోథర్మల్ పద్ధతిలో, అంటే మూసిన డబ్బాలో నీళ్లని మరిగే వేడి దాటించి, స్ఫటికాలు పెంచాలనుకుంటూ, ఏ ఆటోక్లేవ్ కొనాలో తేలక ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తూ కూర్చున్న రీసెర్చ్ స్కాలర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసేది యురేనియం కాంపౌండ్లు, ముఖ్యంగా యురేనైల్ ఫాస్ఫేట్లు (యురేనియం, ఆక్సిజన్ కలిసిన యురేనైల్ అయాన్‌తో ఫాస్ఫేట్ కట్టే లవణాలు). రెండేళ్లలో రెండు కంపెనీల ఆటోక్లేవ్‌లు వాడాను. రెండూ పాతిక మిల్లీలీటర్లవే, బయటికి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి నాలుగు నెలలు ఏడిపించింది, రెండోది నా థీసిస్‌లో సగాన్ని నిలబెట్టింది. కంపెనీల పేర్లు రాయను. ఏం చూసి కొనాలో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను కొనేటప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

తెలియనివాళ్ల కోసం: ఇది లావుపాటి స్టీలు డబ్బా, లోపల తెల్లటి టెఫ్లాన్ కప్పు, దానికో టెఫ్లాన్ మూత, పైన మరలు తిప్పి బిగించే స్టీలు మూత. అంతే. ప్రెషర్ కుక్కర్‌కి చిన్న చెల్లెలు అనుకోండి, కాకపోతే కుక్కర్‌కి విజిల్ ఉంటుంది, చాలా మోడళ్లలో దీనికి ఆ దారి కూడా ఉండదు. 180 డిగ్రీల దగ్గర లోపలి నీటి ఆవిరి ఒత్తిడి సుమారు 10 బార్లు (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు పదింతలు), 200 దగ్గర 15 దాటుతుంది, 220 దగ్గర 23. పైగా నీళ్లు 180 డిగ్రీలకి చేరేసరికి దాదాపు ఎనిమిదో వంతు ఉబ్బుతాయి. అందుకే కప్పుని మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు. నేనైతే సగం కూడా దాటను.

ఇంత హడావుడి ఎందుకు, బీకర్‌లో కలిపితే సరిపోదా అని మా జూనియర్ అమ్మాయి మొదటి వారమే అడిగింది. బీకర్‌లో యురేనైల్ నైట్రేట్‌కి ఫాస్ఫారిక్ ఆమ్లం, పొటాషియం లవణం కలిపి చూడమన్నాను. పసుపు కలిపిన నీళ్లలా మారి, అడుగున పసుప్పచ్చటి పొడి దిగింది. ఆ పొడిని ఎక్స్‌రే మిషన్‌లో పెడితే అది ఏ కాంపౌండో చెప్పొచ్చు, తెలిసిన పదార్థమైతే. కొత్తదైతే ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో చెప్పాలంటే చిన్నదైనా సరే ఒక్క మంచి స్ఫటికం కావాలి, మిల్లీమీటర్‌లో పదో వంతు ఉన్నా చాలు. పటికబెల్లం చేసేవాళ్లని చూశారు కదా, పాకాన్ని దారం వేసి మెల్లగా వదిలేస్తే పలుకులు కడతాయి, హడావుడిగా చల్లారిస్తే పొడిపొడిగా రాలిపోతుంది. యురేనైల్ ఫాస్ఫేట్‌కి మామూలు వేడి నీళ్లలో కరిగే గుణం చాలా తక్కువ కాబట్టి, ఆ పాకం తయారు చేయడానికే ఇంత వేడి, ఇంత ఒత్తిడి.

ఇక మొదటి ఆటోక్లేవ్ సంగతి. ధర తక్కువ, ఫొటోలో మెరుస్తోంది, వారంలో డెలివరీ. మొదటి రెండు సార్లు బాగానే ఉంది. మూడోసారి 180 డిగ్రీల్లో మూడు రోజులు పెట్టి, మెల్లగా చల్లార్చి మూత తిప్పితే కప్పులో చుక్క నీరు లేదు. గోడకి అంటుకుని పసుపు, నారింజ మధ్య రంగులో ఎండిపోయిన పెచ్చు ఉంది. టెఫ్లాన్ మూత అంచు వేలితో తడిమితే ఒకవైపు పల్చగా, రెండోవైపు మందంగా తగిలింది. స్టీలు డబ్బా లోపలి గోడ మీద పసుపు చారిక. మామూలు కెమిస్ట్రీ అయితే "సరే, పోయింది" అని కడిగేసి మళ్లీ పెట్టుకుంటాం. ఇక్కడ పోయింది యురేనియం. ఓవెన్ ఆపేసి, లోపలంతా తుడిచి, తుడిచిన ప్రతి కాగితాన్నీ రేడియేషన్ కొలిచే కౌంటర్ కింద పెట్టి చూసి, రిజిస్టర్‌లో రాసి, ఆ ఓవెన్‌ని పది రోజులు ఎవరూ ముట్టుకోకుండా పెట్టాల్సి వచ్చింది. నాకు ఆ పది రోజులూ టెన్షన్‌తో అన్నం సయించలేదు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "బాగా బిగించి ఉండరు మేడమ్" అన్నారు. ఇంకో కప్పు పంపమంటే దాని ధర కొత్త ఆటోక్లేవ్‌లో సగం చెప్పారు.

బిగించడం లోపం కాదది. వేడికి టెఫ్లాన్ స్టీలు కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు ఉబ్బి స్టీలుకి ఒత్తుకుని గట్టిగానే మూసుకుంటుంది, చల్లారేటప్పుడు కుంచించుకుని మూత దగ్గర సందు ఇస్తుంది, లోపల ఇంకా ఒత్తిడి మిగిలి ఉంటే ఆ సందులోంచే పోతుంది. ఒకసారి ఒత్తుకుని వంపు తిరిగిన టెఫ్లాన్ మళ్లీ పాత ఆకారానికి రాదు. కాబట్టి మూతకి, కప్పుకి మధ్య ఎప్పుడూ నొక్కుతూ ఉండే ఏర్పాటు ఉండాలి.

రెండో ఆటోక్లేవ్‌లో ఉన్నది సరిగ్గా అదే. పై మూతలో లావుపాటి స్ప్రింగ్, దాని కింద స్టీలు బిళ్ల. టెఫ్లాన్ తగ్గినా స్ప్రింగ్ వదలదు. కప్పు గోడ కూడా మందం, మూత అంచు కప్పు లోపలికి కాస్త దిగేలా మెట్టు చేసి ఉంది. డబ్బా అడుగున, మూత పైన స్టీలు కడ్డీ దూర్చడానికి రంధ్రాలు ఉన్నాయి, అవి లేకపోతే చేతులతో బిగించి బిగించి మణికట్టు నొప్పి తప్ప ఇంకేం మిగలదు. ధర మొదటిదానికి దాదాపు మూడు రెట్లు. నలభైకి పైగా రన్‌లు చేశాను, ఒక్కసారీ లీక్ కాలేదు. ఎలా తెలుసంటే, ప్రతిసారీ బిగించాక మొత్తం డబ్బాని తూస్తాను, ఓవెన్‌లోంచి తీశాక మళ్లీ తూస్తాను. బరువు తగ్గిందంటే మూత తెరవకముందే విషయం తెలిసిపోతుంది. ఈ ఒక్క అలవాటు మా సీనియర్ అన్న నేర్పాడు, ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

ఇప్పుడు అసలు ఆనందం. గంటకి 5 డిగ్రీల చొప్పున చల్లారిస్తే, 180 నుంచి గది వేడికి రావడానికే ముప్పై గంటలు. అలా చేసిన మొదటిసారి కప్పు అడుగున పలచటి నిమ్మపండు రంగు బిళ్లలు, మైక్రోస్కోప్ కింద చూస్తే కత్తితో కోసినట్టు చదరాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కార్డుల్లా. అల్ట్రావయొలెట్ లైటు వేయగానే గది చీకట్లో ఆకుపచ్చగా వెలిగాయి. మా జూనియర్ "అక్కా, మిణుగురుల్లా ఉన్నాయి" అంది. 1896లో బెకరెల్ ఫొటో ప్లేటు మీద పెట్టింది కూడా ఒక యురేనైల్ లవణమే, పొటాషియం యురేనైల్ సల్ఫేట్. ఆ వెలుగుకీ ఎక్స్‌రేలకీ సంబంధం ఉందేమో చూద్దామని మొదలుపెట్టిన పని రేడియోధార్మికత దగ్గర తేలింది.

స్ఫటికం ఎందుకు బిళ్లగా, చదరంగా వచ్చిందో నిర్మాణం చూస్తే తెలుస్తుంది. ఆరు చార్జి ఉన్న యురేనియం ఒంటరిగా ఉండదు, అటొకటి ఇటొకటి రెండు ఆక్సిజన్లని సుమారు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్‌లో వెయ్యి కోట్ల వంతు) దూరంలో గట్టిగా పట్టుకుని, నిటారు కర్రలా ఉంటుంది. అదే యురేనైల్ అయాన్. ఆ కర్ర రెండు చివర్లలోని ఆక్సిజన్లకి కావాల్సినంత బంధం యురేనియం దగ్గరే దొరికేస్తుంది, ఇంకెవరితోనూ పెద్దగా కలవవు. కలిసేవన్నీ నడుము చుట్టూ ఉన్నవే: నాలుగు, ఐదు, లేదా ఆరు ఆక్సిజన్లు. అందుకే యురేనైల్ కాంపౌండ్లు పైకీ కిందికీ పెరగకుండా పక్కలకి చాపలా అల్లుకుంటాయి. నా ఫాస్ఫేట్‌లో నడుము చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఒక్కోటి ఒక్కో ఫాస్ఫేట్‌ది, ఒక్కో ఫాస్ఫేట్ మళ్లీ నాలుగు యురేనియంలకి చేయి ఇస్తుంది. చదరంగం బల్లలా ఒక పొర తయారవుతుంది. పొరకీ పొరకీ మధ్య పొటాషియం, నీళ్లు. ఆటునైట్ అనే ఖనిజంలోదీ ఇదే అల్లిక, పొటాషియం చోట కాల్షియం ఉంటుంది, నీళ్లు ఇంకా ఎక్కువ. కళ్లకి కనబడే చదరం బిళ్ల, కంటికి కనబడని ఆ చదరపు అల్లికే. ఇది మొదటిసారి స్క్రీన్ మీద తిప్పి చూసుకున్న సాయంత్రం నేను ఇంటికి ఆలస్యంగా వెళ్లాను, అమ్మకి ఫోన్‌లో చెప్పడానికి ప్రయత్నించాను కూడా, "చాప అల్లినట్టేనా?" అంది, అంతే అమ్మా అన్నాను.

ఒక హెచ్చరిక: ఆటునైట్ జాతి స్ఫటికాలు పొడి గాలిలో నీళ్లు వదిలేసి తెల్లగా మసకబారతాయి. వడకట్టి ఆరబెట్టొద్దు, పెరిగిన ద్రావణంలోనే ఉంచి, ఎక్స్‌రే రోజున ఒక్కోటి నూనెలోకి తీయండి. బిళ్ల పల్చగా ఉంటే ఎక్స్‌రేని ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా పీల్చుకుంటుంది, ఆ దిద్దుబాటు సరిగ్గా చేయకపోతే లెక్కలన్నీ అడ్డం తిరుగుతాయి. ఎక్స్‌రేకి కనబడేది ఎలక్ట్రాన్లే; యురేనియంకి 92 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్‌కి ఒకటి. పెళ్లి పందిట్లో మైకు మోగుతుంటే చెవిలో గుసగుస వినడం లాంటిది, నీళ్లలోని హైడ్రోజన్లు ఎక్కడున్నాయో ఎక్స్‌రేతో తేల్చడం. ఖచ్చితంగా కావాలంటే ఎక్స్‌రే బదులు న్యూట్రాన్లతో చూడటమే దిక్కు.

నాది కడప జిల్లా. తుమ్మలపల్లి యురేనియం గని మాకు దూరం కాదు. అక్కడి మిల్లులో ఖనిజాన్ని కరిగించేది కూడా ఆటోక్లేవ్‌లలోనే అని ఎం.ఎస్సీ.లో చదివినప్పుడు భలే అనిపించింది. అక్కడి రాయి డోలోమైట్ జాతి సున్నపురాయి, ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయికే ఖర్చయిపోతుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడి, ఒత్తిడి పెట్టి లాగుతారు. అప్పుడు యురేనైల్ నడుము చుట్టూ మూడు కార్బొనేట్లు, ఒక్కోటి రెండు చేతులతో, మొత్తం ఆరు ఆక్సిజన్లు. ఆ తర్వాత క్షారం కలిపి సోడియం డైయురేనేట్‌గా దించి హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కి పంపుతారు. అక్కడ అది రియాక్టర్ ఇంధనంగా వాడే యురేనియం డయాక్సైడ్ బిళ్లలవుతుంది. అందులో కర్ర, చాప ఏవీ ఉండవు, ఫ్లోరైట్ అల్లిక, ప్రతి యురేనియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు ఘనం మూలల్లో. ఆ బిళ్లల్ని గట్టిపరచడానికి హైడ్రోజన్‌లో దాదాపు 1700 డిగ్రీలు కావాలి, మన టెఫ్లాన్ 327 దగ్గరే కరిగిపోతుంది.

అంటే ఈ ఆటోక్లేవ్‌తో అన్నీ కావు. నేను 200 దాటను, కంపెనీవాళ్లు ఎంత రాసినా సరే. ఆక్సైడ్ స్ఫటికాలు పెద్దవి కావాలంటే కరిగిన లవణాల ఫ్లక్స్ పద్ధతి ఉంది, సౌత్ కరోలినాలో జుర్ లోయే గారి గ్రూపు దాంట్లో ఎన్నో యురేనియం కాంపౌండ్లు చేసింది. యురేనియం పెరాక్సైడ్లు చేయాలనుకునేవాళ్లు దయచేసి దీని జోలికి రావద్దు: హైడ్రోజన్ పెరాక్సైడ్ వేడికి విడిపోయి ఆక్సిజన్ వాయువు వదులుతుంది, మూసిన డబ్బాలో అది బాంబే. వాటికి అసలు అవసరమూ లేదు. స్టడ్‌టైట్ అనే యురేనైల్ పెరాక్సైడ్ ఖనిజం గది వేడిలోనే వస్తుంది. నోటర్‌డామ్‌లో పీటర్ బర్న్స్ గారి బృందం బయటపెట్టిన బంతుల్లాంటి యురేనైల్ పెరాక్సైడ్ గుత్తులు, అరవై యురేనియంలతో, కార్బన్ అరవై (అరవై కార్బన్ పరమాణువుల ఫుట్‌బాల్ లాంటి అణువు) ఆకారంలోనే ఉండేదాంతో సహా, మామూలు నీళ్ల ద్రావణంలోంచే స్ఫటికాలు కట్టాయి.

వాడకం గురించి ఇంకొన్ని మాటలు. యురేనియంకి వాడిన కప్పుని ఇంక దేనికీ వాడొద్దు, మార్కర్‌తో రాసి పెట్టుకోండి. టెఫ్లాన్ గీతల్లో పసుపు ఉండిపోతుంది, పలచని నైట్రిక్ ఆమ్లంతో కడిగినా ఒక్కోసారి పోదు. ఆ గీతల దగ్గరే తర్వాతి రన్‌లో స్ఫటికాలు గుంపుగా పుట్టి చిన్నవైపోతాయి. కాబట్టి లోపల గరిటె, ఫోర్సెప్స్ పెట్టి గీకకండి. స్పేర్ కప్పు ధర ముందే అడిగి తెలుసుకోండి, అది చెప్పడానికి నసిగే అమ్మకందారు దగ్గర కొనకండి. వేడిగా ఉండగా మూత తెరవొద్దు, చన్నీళ్ల కింద పెట్టొద్దు. గ్లవ్స్ లేకుండా, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గూడు) లేకుండా, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు లేకుండా ఈ పని మొదలే పెట్టొద్దు, యురేనియం రేడియేషన్ మాట అటుంచి, భారలోహంగానే మూత్రపిండాలకి చేటు చేస్తుంది.

రేటింగ్ అడిగితే మొదటిదానికి ఐదుకి ఒకటి, ఆ ఒకటి స్టీలు తుప్పు పట్టనందుకు. రెండోదానికి నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే స్ప్రింగ్ విడిగా అమ్మరు, మొత్తం మూత కొనాలి. ఈ నెలలో పొటాషియం బదులు సీసియంతో అదే ఫాస్ఫేట్ పెట్టాను, నిన్న రాత్రి ఓవెన్‌లోంచి తీసి తూస్తే బరువు చుక్క తేడా లేదు. ఇంకా తెరవలేదు, పూర్తిగా చల్లారాక రేపు పొద్దున జూనియర్ వచ్చాక తెరుస్తాం.