ఉచిత డబ్బు మెయిళ్లను స్పామ్ ఫిల్టర్ ఎంతవరకు ఆపుతోంది?

ఆరేళ్లుగా నేను ఒకే ఈమెయిల్ సర్వీసును వాడుతున్నాను. లాటరీ తగిలిందనీ, వారసులు లేని ఆస్తి మీకు దక్కిందనీ నమ్మబలికే మెయిళ్లను దాని స్పామ్ ఫిల్టర్ చాలావరకు ఆపుతోంది. స్పామ్ ఫోల్డర్‌లో పడిన మెయిల్‌ను తెరిచినా బొమ్మలు లోడ్ కావు, లింకులు పనిచేయవు, పైన హెచ్చరిక కనిపిస్తుంది. ఇంతవరకు నాకు పూర్తి సంతృప్తి ఉంది.

అయితే గత నెలలో ఒక మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. పంపినవారి స్థానంలో ఒక బ్యాంకు పేరుంది. ఆ పేరు మీద నొక్కితే గాని అసలు చిరునామా కనిపించలేదు; అది ఎవరైనా క్షణాల్లో తెరవగల ఉచిత ఖాతా. జవాబు వెళ్లే చిరునామా మళ్లీ వేరొకటి. టైపు చేసిన వాక్యం ఒక్కటీ లేదు, ఉత్తరమంతా సీలూ సంతకాలతో సహా ఒకే బొమ్మగా ఉంది. పది లక్షల డాలర్లు విడుదల కావాలంటే 250 డాలర్ల బదిలీ రుసుము ముందుగా కట్టాలనీ, మూడు రోజులు దాటితే సొమ్ము వెనక్కి పోతుందనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దనీ అందులో రాశారు. ఇచ్చే సొమ్ములోంచే ఆ రుసుమును ఎందుకు మినహాయించుకోరు?

ఈ ఎత్తుగడ ఈమెయిల్‌కంటే చాలా పాతది. స్పెయిన్ చెరసాలలో ఉన్న ధనికుణ్ణి విడిపించడానికి డబ్బు సాయం చేస్తే వాటా ఇస్తామంటూ 19వ శతాబ్దంలోనే ఉత్తరాలు తిరిగేవి. నైజీరియా శిక్షాస్మృతిలోని సెక్షన్‌ను బట్టి దీనికి ‘419’ అన్న పేరు తరువాత వచ్చింది.

ఫిల్టర్ ఎక్కడ తప్పిందో ఆలోచిస్తే నాకు రెండు కారణాలు తోచాయి. బొమ్మలోని అక్షరాలను పట్టుకోవడం మామూలు వాక్యాలను పట్టుకున్నంత తేలిక కాదు. ఇక ఎస్‌పీఎఫ్, డీకేఐఎం వంటి తనిఖీలు మెయిల్ ఏ డొమైన్ (చిరునామాలో @ తరువాతి భాగం) నుంచి వచ్చిందో నిర్ధారిస్తాయే గాని, పంపినవాడు నిజాయితీపరుడో కాదో చెప్పలేవు. నిజమైన ఉచిత ఖాతా నుంచి పంపిన మోసపు మెయిల్ ఆ తనిఖీలను సులువుగా దాటిపోతుంది.

నేను జవాబివ్వలేదు. ‘ఆసక్తి లేదు’ అని రాసినా ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వారికి తెలిసిపోతుంది. ఊరికే డిలీట్ చేయకుండా స్పామ్‌గా రిపోర్ట్ చేశాను. ఆ తరువాత అటువంటివి ఇన్‌బాక్స్‌లోకి రాలేదు.

ఈ సర్వీసునే కొనసాగిస్తాను. కాని ఫోన్ తెరపై పంపినవారి పేరు కిందనే వారి పూర్తి చిరునామా కనిపించేలా చేయాలని సర్వీసువారిని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ ఉత్తరాన్ని నాకు పట్టించినది ఆ చిరునామాయే.