జాస్మిన్ అని రాసి ఉందని మల్లె అనుకుని కొనేయకండి

ఆన్‌లైన్‌లో మొక్కలు తెప్పించుకునేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇది వాళ్లొక్కరి సంగతి కాదు, ఇలాంటి లిస్టింగులు ఎన్నో కనిపిస్తున్నాయి.

"స్టార్ జాస్మిన్, ఘుమఘుమలాడే తీగ" అని పెద్ద అక్షరాలు, ఫొటోలో తెల్లపూలు. మల్లెలో ఇదేదో కొత్త రకం కాబోలు అనుకుని కొన్నాను. ప్యాకింగుకి వంక పెట్టలేం, ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి. కుండీ మార్చేటప్పుడు ఒక కొమ్మ విరిగింది. విరిగిన చోట తెల్లటి పాలు బొట్టుబొట్టుగా ఊరాయి. మల్లె కొమ్మ విరిస్తే పాలు రావు. నందివర్ధనానికి వస్తాయి, గన్నేరుకు వస్తాయి. అనుమానమొచ్చి కుండీలో గుచ్చి ఉన్న ప్లాస్టిక్ చీటీ పీకి, మట్టి తుడిచి చదివాను: ట్రాకెలోస్పెర్మమ్ జాస్మినాయిడిస్. మల్లె కుటుంబమే కాదు, నందివర్ధనం, గన్నేరుల కుటుంబం. తర్వాత పూలు పూస్తే చూశాను, ఐదు రేకులూ గాలిమరలా ఒకే వైపుకి మెలితిరిగి ఉన్నాయి.

ఫిర్యాదు పెడితే ఒక్క ముక్కలో జవాబు: "బొటానికల్ నేమ్ ఇచ్చాం కదండీ, చూసుకోవాల్సింది మీరే." ఇచ్చారు, నిజమే. పేజీ అట్టడుగున, 'మరింత చదవండి' నొక్కితే తప్ప కనబడని చోట. డబ్బు వాపసు లేదు. దానికంటే నన్ను ఎక్కువ కాల్చింది ఇంకొకటి: ఆ పేరే నిజం ఒప్పేసుకుంటోంది! శాస్త్రీయ నామం చివర 'ఆయిడిస్' అని వస్తే 'లాంటిది' అని అర్థం. జాస్మినాయిడిస్ అంటే మల్లెలాంటిది. అంటే మల్లె కాదనే కదా. అలాగే 'స్యూడో' అంటే ఉత్తుత్తిది. రొబీనియా స్యూడోఅకేసియాని అకేసియా అనుకుని కొంటే తప్పు ఆ పేరుది కాదు.

స్కూల్లో బట్టీ పట్టి వదిలేసిన రెండు పదాల పేరు ఇక్కడే పనికొస్తుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ తన 'స్పీషీస్ ప్లాంటారమ్'లో మొక్కలన్నిటికీ వరసగా వాడిన పద్ధతి ఇది. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మొదటిది ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు; రెండోది ఆ ప్రజాతిలో ఏ జాతో చెప్పేది. ఒక ప్రజాతి పేరు ఇంకో మొక్కల ప్రజాతికి పెట్టకూడదు. రెండో పదం మాత్రం ఎన్ని ప్రజాతుల్లోనైనా ఉండొచ్చు. అందుకే రెండో పదం ఒక్కటే పట్టుకుని వెతక్కండి. జాస్మినాయిడిస్ అని కొడితే గంధరాజం కూడా వస్తుంది, దాని పేరు గార్డీనియా జాస్మినాయిడిస్. దానికీ మల్లెకీ చుట్టరికం లేదు.

నాది మోసపోవడంతో సరిపోయింది. పిల్లలున్న ఇళ్లవాళ్లు మాత్రం ఈ పేరు రాసిపెట్టుకోండి: జెల్సీమియం సెంపర్వైరెన్స్. 'కరోలినా జాస్మిన్' అని పసుపుపూల తీగగా అమ్ముతారు. ఇదీ మల్లె కాదు. మొక్క మొత్తం విషం, పూలలోని తేనెతో సహా. జాస్మిన్ అన్నారు కదా అని పూలు కోసి ఏ టీలోనో వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మీకు కావాల్సింది అసలు మల్లె అయితే చీటీ మీద జాస్మినమ్ సాంబాక్ అని ఉండాలి. కొన్నిచోట్ల ఆ పక్కనే బ్రాకెట్లో 'ఎల్.' అనీ, బ్రాకెట్ బయట 'ఐటన్' అనీ ఉంటుంది. అది కంపెనీ ముద్ర కాదు. ఎల్ అంటే లినేయస్. ఆయన మల్లెని పారిజాతం ఉన్న నిక్టాంథిస్ ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ఐటన్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త దాన్ని జాస్మినమ్‌లోకి మార్చాడు. ఇంటిపేరు మారింది, సాంబాక్ అలాగే ఉంది.

ఇలా ఇంటిపేర్లు ఇప్పటికీ మారుతున్నాయి, కాబట్టి పేరు తేడాగా కనిపించిన ప్రతిసారీ మోసమని మీద పడకండి. ఇందులో నా తెలివి కూడా చెబుతాను. సాన్సెవేరియా ట్రైఫేషియేటా ఒకటి, డ్రసీనా ట్రైఫేషియేటా ఒకటి, రెండూ వేరనుకుని రెండూ తెప్పించాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే స్నేక్ ప్లాంట్! డీఎన్‌ఏ పరీక్షల తర్వాత సాన్సెవేరియాలన్నిటినీ డ్రసీనాలో కలిపేశారు. పాత చీటీలు పాత పేరుతోనే తిరుగుతున్నాయి. లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ వాళ్ల 'ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్' సైట్‌లో ఏ పేరు కొట్టినా ఇప్పుడు చెల్లుతున్న పేరేదో, పాత పేర్లేవో చూపిస్తుంది. ఉచితమే. ఆర్డర్ పెట్టే ముందు రెండు నిమిషాల పని.

ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉండేది సాగు రకం పేరు. మల్లెలో ముద్దగా పూసే 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' అలాంటిదే. కొమ్మ నాటి గానీ అంటు తొక్కి గానీ పెంచితేనే ఆ గుణం నిలుస్తుంది. దానికి విత్తనాల ప్యాకెట్ అమ్ముతున్నారంటే ఆ పేజీ మూసేయండి.

ఇప్పుడు మళ్లీ మల్లె కోసం వెతుకుతున్నాను. ఈసారి కొనకముందే ఇద్దరు అమ్మకందార్లకు మెసేజ్ పెట్టి పూర్తి పేరు అడిగాను. ఒకాయన 'జాస్మినమ్ ఎస్పీ.' అని పంపాడు. ఎస్పీ అంటే ప్రజాతి వరకే తెలుసు, జాతి ఏదో తేల్చలేదని. ఆయనకే తెలియని మొక్కని నేనెలా కొంటాను? రెండో ఆవిడ ఇంకా జవాబివ్వలేదు.