మోషేనా, నెహెమ్యానా? నాయకత్వం నేర్చుకోవాలంటే ముందు ఏది చదవాలి

యూదుల లేఖనాల్లో నాయకత్వం గురించి, కష్టంలో నిలదొక్కుకోవడం గురించి చదవాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: మోషేతో మొదలుపెట్టాలా, నెహెమ్యాతోనా? ఐగుప్తు దాస్యం నుంచి జనాన్ని నడిపించుకొచ్చినవాడు మోషే, కూలిన యెరూషలేము గోడను తిరిగి కట్టించినవాడు నెహెమ్యా. అంతకుమించి కథలు మళ్లీ చెప్పను. ఎక్కడ ఏం దొరుకుతుంది, ఎక్కడ పొరపాటు పడతాం, అదే చూద్దాం.

నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే. ఆ నాయకుడి చేతిలో ఉన్న సాధనాలు మన చేతిలో ఉన్నాయా? మోషే చేతిలో కర్ర ఉంది, ముందు మేఘస్తంభం నడుస్తోంది, నీళ్లు లేవని మొరపెట్టుకుంటే జవాబు వస్తుంది. నెహెమ్యా గ్రంథంలో అద్భుతం ఒక్కటీ లేదు. అతను ప్రార్థిస్తూనే ఉంటాడు, కానీ దేవుడు పలికినట్టు ఒక్క మాటా కనిపించదు. ఉన్నవల్లా ఉత్తరాలు, కలప, పేర్ల జాబితాలు, కాపలా వంతులు, అప్పుల గొడవ. ఒక సంఘాన్నో, ఊరి పనినో, చిన్న ఆఫీసునో నడిపేవాళ్లకు ఇవే దగ్గరగా ఉంటాయి. అందుకే నా ఓటు నెహెమ్యాకే. అయితే మోషే దగ్గర మాత్రమే దొరికేది ఒకటుంది, దాన్ని వదిలేస్తే నష్టపోతాం.

మోషే దగ్గర అందరూ చదివేది నిర్గమకాండం 18. మామ యిత్రో వచ్చి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అల్లుడొక్కడే తగువులు తీర్చడం చూసి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతుల్ని పెట్టమంటాడు. మనుషులు ఆరు లక్షలనుకుని, యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూదు ఈ లెక్క కూడా వేసింది: 600, 6,000, 12,000, 60,000, వెరసి 78,600 మంది. పని పంచడం అనే పాఠం చెప్పేవాళ్లంతా ఇక్కడితో ఆపేస్తారు. అదే పొరపాటు. సంఖ్యాకాండం 11కి వెళ్లండి. ఐగుప్తు వదిలిన రెండో ఏడాది, న్యాయాధిపతుల ఏర్పాటు అయిపోయాక, మోషే కుప్పకూలిపోతాడు. "ఈ జనాన్నంతా నేను కన్నానా? ఇలాగైతే నన్ను చంపెయ్" అంటాడు దేవుడితో.

ఇక్కడ హీబ్రూ మాటలు దగ్గరగా చూడాలి. యిత్రో హెచ్చరిక: "కావేద్ మిమ్మెఖా", ఇది నీకు మించిన బరువు, ఒక్కడివే చేయలేవు. సంఖ్యాకాండంలో మోషే ఏడుపు: "కావేద్ మిమ్మెన్ని", ఇది నాకు మించిన బరువు, ఒక్కణ్ణే మోయలేను. మామ అన్న మాటే అల్లుడి నోట తిరిగొచ్చింది. ఏం తప్పింది? మొదటి ఏర్పాటు తగువుల్ని పంచింది. జనం గొణుగుడు, వాళ్ల ఏడుపు, ఆ భారం మాత్రం మోషే మీదే ఉండిపోయింది. అందుకే రెండోసారి వచ్చిన పరిష్కారం వేరు: డెబ్బైమంది పెద్దలు, మోషే మీదున్న ఆత్మలోంచే వాళ్లకు భాగం. పని పంచడం వేరు, బరువు పంచడం వేరు. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదవకపోతే ఈ తేడా తెలియదు. బాధ్యత మీద పడి అలసిపోయినవాళ్లు, రాత్రి నిద్ర పట్టనివాళ్లు మాత్రం నెహెమ్యాను పక్కనపెట్టి ముందు ఇదే చదవండి.

మోషేకు ఇంకో సౌకర్యమూ ఉంది. యూదుల సమాజమందిరాల్లో తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు, ఏడాది పొడవునా వారానికో భాగం చొప్పున చదువుతారు కాబట్టి, మధ్యయుగపు వ్యాఖ్యాత రాషీ మొదలుకుని తరతరాల వ్యాఖ్యానం ఈ అధ్యాయాల చుట్టూ పేరుకుని ఉంది. ఆ వరుసలో నెహెమ్యా లేడు.

ఇక నెహెమ్యా. అతని అన్నదమ్ముల్లో ఒకడైన హనానీ యెరూషలేము గోడ కూలిందని, గుమ్మాలు కాలాయని చెప్పింది కిస్లేవు నెలలో. నెహెమ్యా తాను కొలువు చేసే పారసీక రాజు ముందు నోరు తెరిచింది నీసానులో, అంటే నాలుగు నెలల తర్వాత. క్రీ.పూ. 445 నాటి మాట. ఆ నాలుగు నెలలు ఉపవాసం, ప్రార్థన అని మనం చదివేస్తాం. కానీ రాజు "నీకేం కావాలి" అనగానే వచ్చిన జవాబు చూడండి: ఎప్పటికి తిరిగొస్తాడో గడువు, దారిలో అధిపతులకు ఉత్తరాలు, రాజు అడవిని కాచే ఆసాపుకు కలప కోసం ఉత్తరం, ఆ కలప దేనిదేనికో కూడా. అప్పటికప్పుడు తట్టే సంగతులా ఇవి? లెక్కలన్నీ ముందే వేసుకున్న మనిషి జవాబది.

ఊరు చేరాక మూడు రోజులు ఊరుకున్నాడు. తర్వాత రాత్రిపూట కొద్దిమందితో, ఒకే ఒక జంతువు మీద, లోయ ద్వారంలోంచి బయటికెళ్లి గోడ చూశాడు. ఒకచోట శిథిలాల వల్ల జంతువు పోవడానికి సందే లేదు. అధికారులకు చెప్పలేదు, యాజకులకూ చెప్పలేదు. స్వయంగా చూశాకే నోరు విప్పాడు, విప్పినప్పుడూ "మీ దురవస్థ" అనలేదు, "మనమున్న దురవస్థ" అన్నాడు.

మూడో అధ్యాయం పేర్ల జాబితా అని చాలామంది దాటేస్తారు, దయచేసి దాటకండి. "వారిని ఆనుకొని", "తన యింటికి ఎదురుగా" అన్న మాటలు ఎన్నిసార్లు వస్తాయో గీత గీసుకుంటూ చదవండి. కంసాలులు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్లు, కూతుళ్లతో కలిసి బాగుచేసిన షల్లూము, అందరూ ఉన్నారు. పెంట ద్వారం బాగుచేసింది ఒక ప్రదేశానికి అధిపతి. తెకోవ ఊరి పెద్దలు మెడ వంచలేదని రాసిపెట్టారు, అదే తెకోవ జనం ఇంకో భాగం కూడా కట్టారనీ రాసిపెట్టారు. ఎవరింటి ఎదుట గోడ వాళ్లకిస్తే, నాసిగా కడితే ముందు ముప్పు వాళ్ల ఇంటికే.

గోడ సగం ఎత్తుకు లేచినప్పుడు అసలు చిక్కు మొదలైంది. బయట శత్రువులు సన్బల్లటు, టోబీయాల బెదిరింపులు సరే, లోపల మోతగాళ్ల బలం ఉడిగిపోయింది, చెత్త ఇంకా కుప్పలుగా ఉంది. మొదట్లో ఉత్సాహం ఉంటుంది, చివర్లో గమ్యం కనిపిస్తుంది, నడిమధ్యే మనుషులు వదిలేసేది. నెహెమ్యా చేసినవి: పల్లపు చోట్ల కుటుంబాల్ని కుటుంబాలుగానే నిలబెట్టడం, తన పనివాళ్లలో సగంమందికి పని, సగంమందికి ఈటెలు, బూర ఊదేవాణ్ణి తన పక్కనే ఉంచుకోవడం.

నా లెక్కలో గ్రంథం మొత్తానికి గుండె ఐదో అధ్యాయం. శత్రువులు లేరు ఇందులో. పేదలు వచ్చి, రాజు పన్ను కట్టడానికి పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టామని, పిల్లల్ని దాస్యానికి ఇచ్చామని ఏడుస్తారు. అప్పులిచ్చింది సాటి యూదులే. నూటికి ఒకటి చొప్పున తీసుకున్నారని ఉంది. అది నెలకని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, అంటే మన పల్లెల్లో "నూటికి రూపాయి" వడ్డీ. విని నెహెమ్యాకు మండిపోయింది. ఆ వెంటనే ఉన్న వాక్యం: "నాలో నేనే ఆలోచించుకున్నాను." ఆ తర్వాతే ప్రధానుల్ని గద్దించాడు, ఆ తర్వాతే సభ పెట్టాడు. సభలో, నేనూ నా వాళ్లూ కూడా అప్పులిచ్చాం, ఇక ఇది మానేద్దాం అన్నాడు. పొలాలు ఈరోజే తిరిగివ్వమన్నాడు. ఒప్పుకున్నారు కదా అని వదల్లేదు, యాజకుల్ని పిలిచి ప్రమాణం చేయించాడు.

దీని పక్కన సంఖ్యాకాండం 20 పెట్టండి. మొదటి వచనంలో మోషే అక్క మిర్యాము చనిపోయింది. రెండో వచనంలో నీళ్లు లేవని జనం అతని మీద పడ్డారు. దుఃఖానికి ఒక్క వచనం వ్యవధి కూడా లేదు. మోషే "ద్రోహులారా" అని అరిచి, బండను రెండుసార్లు కొట్టాడు, వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యం పోగొట్టుకున్నాడు. కోపం ఇద్దరికీ వచ్చింది. ఒకరికి కోపానికీ నోటికీ మధ్య ఒక వాక్యం ఉంది, ఇంకొకరికి లేదు. నాయకత్వం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన చోటు నాకు కనిపించలేదు.

ఎలూలు నెల 25న, 52 రోజుల్లో గోడ పూర్తయింది. "నేను గొప్ప పని చేస్తున్నాను, దిగి రాలేను" అన్న ఆరో అధ్యాయం మాటను గోడకు అతికించుకునేవాళ్లుంటారు. ఐదో అధ్యాయం చేయకుండా ఆ మాట అంటే అది అహంకారమే అవుతుంది.

నెహెమ్యాలో లోపాలూ ఉన్నాయి. "నా దేవా, నన్ను జ్ఞాపకం చేసుకో" అంటూ తన మంచిని తానే ఎత్తి చెప్పుకున్నాడని, ముందటి అధిపతుల గురించి చెడుగా మాట్లాడాడని, అందుకే గ్రంథానికి అతని పేరు పెట్టలేదని తల్మూదు సన్హెద్రిన్ భాగం అంటుంది. యూదుల సంప్రదాయంలో ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకే గ్రంథం, పేరు ఎజ్రాదే. పదమూడో అధ్యాయంలో అతను మనుషుల్ని కొట్టి, వెంట్రుకలు పీకుతాడు. అది అనుకరించాల్సిన పద్ధతి కాదు.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. యోసేపు పదిహేడో ఏట అమ్ముడుపోయి ముప్పైయో ఏట ఫరో ముందు నిలబడ్డాడు, ఓర్పుకు మంచి పాఠం. కానీ ఆదికాండం 47లో కరువుకు ధాన్యం అమ్మి జనం భూముల్ని ఫరో పరం చేశాడు, నాయకత్వానికి నమూనాగా తీసుకునేముందు అది చదవండి. దావీదు జీవితంలో సమూయేలు మొదటి గ్రంథం 30 ఒక్కటే చాలు: అతనుంటున్న ఊరు సిక్లగు కాలిపోయింది, సొంతవాళ్లే రాళ్లతో కొడదామనుకున్నారు. అయినా తేరుకుని, అలసి వాగు దగ్గర ఆగిపోయిన 200 మందికీ సమాన వాటా ఇచ్చాడు. ఎస్తేరు గ్రంథం చిన్నది, పది అధ్యాయాలు, ఒక్క సాయంత్రం పని.

చదివే పద్ధతి: నెహెమ్యా 1 నుంచి 6 వరకు నాలుగు విడతలు చేసుకోండి, ఐదో అధ్యాయానికి ఒక విడత పూర్తిగా ఇవ్వండి. తర్వాత నిర్గమకాండం 18, సంఖ్యాకాండం 11, 20. ఆఖరున నెహెమ్యా 13. హీబ్రూ ప్రతితోనో యూదుల అనువాదంతోనో పోల్చి చూస్తే అంకెల దగ్గర తికమక పడకండి: తెలుగు బైబిల్లో నాలుగో అధ్యాయం మొదటి ఆరు వచనాలు అక్కడ మూడో అధ్యాయం చివర్లో ఉంటాయి, మన 4:7 అక్కడ 4:1.